పురిదిబ్బ మన్ను

లారీ వాకిట్లో ఆగి చాలాసేపయింది. పసుపు బస్తాలు దించమని చెప్పేవాడు లేడు, వెనక్కి తోలుకుపొమ్మని చెప్పేవాడూ లేడు. డ్రైవరు చెట్టు నీడన తుండు పరుచుకుని హాయిగా పడుకున్నాడు. ఈ ఇంట్లో ఇవాళ బుద్ధి ఉన్నవాడు అతనొక్కడే అనుకుంది వీరలక్ష్మి.

లోపల హాల్లో ఆమె మరిది దైవాధీనం ఫోన్లో ఎవరికో ధైర్యం చెబుతున్నాడు. ఖద్దరు జుబ్బా, భుజాన జనపనార సంచి, మెడలో పూసల దండ. అవనిగడ్డలో ఏళ్ల తరబడి పురుగుమందుల కొట్టు నడిపిన మనిషి ఇప్పుడు ఈ వేషంలో ప్రకృతి వ్యవసాయం మీద వీడియోలు చేస్తాడు. "రెండు మూతలు ఎక్కువే పొయ్యరా, చచ్చి ఊరుకుంటుంది" అని రైతుల్ని అదిలించిన ఆ నోటితోనే "నేలతల్లి ఉసురు పోసుకోకండి" అంటూ గొంతు గద్గదం చేసుకుంటాడు. ఆ గద్గదానికి హైదరాబాదులో బోలెడుమంది అభిమానులున్నారు. పసుపు కొనేది కూడా వాళ్లే.

"అబ్బే, మన నేలలో ఏం లోపం లేదండీ. పక్క పొలంవాడు కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చింది. మనది స్వచ్ఛమైన నేల. మూడేళ్లు మందు ఆపితే నేల అన్నీ మర్చిపోతుందండీ, తల్లి కదా!"

"తల్లి సంగతి తల్లికి తెలుసు గానీ, నీ మరపు మాత్రం మహా గొప్పదయ్యా" అంది వీరలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి, ఫోనులో అవతలివాళ్లకి కూడా వినబడేలా.

దైవాధీనం గబుక్కున ఫోను కట్టేశాడు. "వదినా, వాళ్లు కస్టమర్లు!"

"అందుకే గట్టిగా అన్నాను."

పక్క పొలంవాడంటే ఏలీయా. దైవాధీనం పసుపుచేను గట్టుకి ఆనుకునే అతని అన్న కొండలరావు పొలం ఉంది. దాన్ని ఏలీయా కౌలుకి చేస్తున్నాడు. వరి, వరి కోతకి ముందు చల్లిన మినుము, అతని ఇంట్లో పొయ్యి వెలిగేది వాటిమీదే. పసుపులో మందు తేలిందని, దాన్ని పొట్లాలు కట్టి అమ్మే కంపెనీ బస్తాలన్నీ తిప్పి పంపింది కాబట్టి ఎవరో ఒకరు దోషి కావాలి. సాయంత్రం పసుపు వ్యాపారి మౌలాలిగారు పెద్దమనిషిగా వస్తున్నారు. ఆయన ఎదుట కొండలరావు "ఏలీయా, ఈ ఏడు నుంచి పొలం వదిలెయ్యి" అని ఒక్క మాట అంటే చాలు. తప్పు ఏలీయాదని తేలిపోతుంది, దైవాధీనం మళ్లీ వీడియో చేసుకోవచ్చు.

ఆ ఒక్క మాట అనాల్సిన కొండలరావు, అంటే వీరలక్ష్మి మొగుడు, పేపరు వెనక దాక్కుని ఉన్నాడు.

"ఏవండీ, మౌలాలిగారు వచ్చాక ఏం చెప్పబోతున్నారు?"

"చూద్దాం."

"పొద్దున్నుంచీ అదే పేజీ చూస్తున్నారు. అందులో ఉందా జవాబు?"

"వాడు నా తమ్ముడే, వీరా."

"కాదన్నానా? తమ్ముడైతే పండక్కి బట్టలు పెట్టండి. ఏలీయా కూడు తీసి పెట్టకండి."

"కూడు తియ్యడం ఏముంది? ఇంకో పొలం చూసుకుంటాడు."

"ఎవడిస్తాడు? పక్కవాడి పసుపు పాడుచేశాడని మౌలాలిగారి ముందు ముద్ర వేశాక ఈ దివిసీమలో ఎవడు పిలిచి పొలం ఇస్తాడు?"

కొండలరావు పేజీ తిప్పాడు. ఇన్నేళ్ల కాపురంలో ఇబ్బందైన ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన చేసిన పని అదే. పేపరు దొరక్కపోతే క్యాలెండరు తిప్పేవాడు.

నిన్న కంపెనీ తరఫున వచ్చిన రాజీవ్ అనే కుర్రాడు అరుగుమీద కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. ఏలీయా మినుముకి కొట్టిన మందు వారాల్లో విరిగిపోయే రకమట. పసుపులో దొరికింది అది కాదు, బీహెచ్‌సీ. వెనకటి తెల్లపొడి. ప్రభుత్వం ఆపేసి పాతికేళ్లు దాటింది.

"అది తొందరగా కుళ్లదండీ" అన్నాడు రాజీవ్. "కర్బనాన్ని క్లోరిన్ పట్టుకుని ఉంటుంది, మట్టిలో ఉండే సూక్ష్మజీవులు కూడా దాన్ని సులువుగా తినలేవు. మన రేగడిలో అయితే మట్టిని కరుచుకుని ఏళ్లకేళ్లు పడుంటుంది. ఎక్కడో పాతది ఉండి ఉండాలి, గుర్తు తెచ్చుకోండి."

దైవాధీనం అంతా విని, పరీక్ష పెట్టిన మాస్టారిలా తల ఊపి, "పుస్తకం వేరు బాబూ, పొలం వేరు" అని కుర్రాణ్ణి బస్సెక్కించేశాడు.

ఏలీయా చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. ఆదివారం ప్రార్థనకి వేసుకునే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అరుగు మీదికి రాకుండా మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"కూర్చో ఏలీయా" అంది వీరలక్ష్మి.

"పర్లేదమ్మగారూ."

దైవాధీనం బయటికొచ్చి, వీడియోలో వాడే మెత్తని గొంతు తీశాడు. "ఏలీయా, నీమీద నాకు కోపం లేదు. తెలియక చేశావు. ఇంట్లో పాత బీహెచ్‌సీ ఏదో మిగిలుంటే చల్లి ఉంటావు. ఒప్పేసుకో, గొడవ ఉండదు."

"నా దగ్గర పాతది ఎక్కడిదండీ? మా నాన్న బతికుండగా ఆ పొడి మీ కొట్లోనే తెచ్చేవాళ్లం. దాన్ని ఆపేశారని మీరే చెప్పి దాని బదులు ఇంకోటి అంటగట్టారు. అదీ ఆపేశాక మూడోది ఇచ్చారు."

"అంటగట్టడం ఏంటి? రైతు అడిగిందే ఇచ్చాను."

"రైతుకి పేరు కూడా తెలీదు కదండీ. పురుగుని అగ్గిపెట్టెలో పట్టుకొస్తే మీరే చూసి ఇచ్చేవాళ్లు." ఏలీయా మామూలుగానే అడిగాడు. "అవునండీ, ఆ పొడి ఆపేసినప్పుడు మీ కొట్లో చాలా సరుకు ఉండేది కదా. దాన్నేం చేశారండీ?"

"కంపెనీకి తిప్పి పంపేశాను" అన్నాడు దైవాధీనం.

వీరలక్ష్మి అతని మొహంలోకి చూసింది. ఎంత చిన్న మాటకైనా దైవాధీనం ఒక ఉపోద్ఘాతం, ఒక దండం, ఒక నిట్టూర్పు జోడించందే నోరు తెరవడు. అలాంటిది ఇంత తొందరగా జవాబు చెప్పడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

పోయిన వేసవి గుర్తొచ్చిందామెకి.

పాత ఇళ్ల దిబ్బల మట్టి మంచి బలమని చేలకి తోలుకోవడం ఈ సీమలో తాతలనాటి అలవాటు. పాటిమన్ను అంటారు. వీళ్ల పెరట్లో పురిదిబ్బ ఉండేది. మామగారు నాంచారయ్య గడ్డితాళ్లు పేని, గాదెలా పురి కట్టి, ధాన్యం పోసుకున్న చోటు. ఏళ్ల తరబడి ఊక, తాలు, పేడ కుళ్లి ఆ మన్ను నల్లగా గుల్లగా ఉండేది. పసుపుచేలో సేంద్రియ కర్బనం తక్కువైందని మట్టి పరీక్షలో వస్తే, దైవాధీనం పొక్లెయినరు తెచ్చి దిబ్బంతా తవ్వించి చేనుకి తోలించాడు. దాని ముందు నిలబడి వీడియో కూడా తీయించుకున్నాడు. "ఇదీ అసలైన కర్బనం! ఒకసారి నేలలో కలిస్తే వందేళ్లయినా పోదు" అన్నాడు.

ఆ వీడియోకి వానపాము కావాల్సొచ్చింది. దిబ్బ నాలుగు మూలలా వెతికినా ఒక్కటీ దొరకలేదు. చివరికి దైవాధీనం వీరలక్ష్మి పేడగుంటలోంచి ఒకదాన్ని డబ్బాలో తెప్పించి, మట్టిమీద వదిలి, "చూశారా, సజీవమైన నేల!" అంటూ అరచేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. అప్పుడు ఆమె కడుపుబ్బ నవ్వుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

వీరలక్ష్మి చెంగు బిగించి వెనక వసారాలోకి నడిచింది. నాంచారయ్య మంచం మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు.

"మావయ్యా, పురిదిబ్బ కింద ఏముండేది?"

విసనకర్ర ఆగింది. "ధాన్యం పోసుకున్న చోటమ్మా. ఏముంటుంది?"

"ఊళ్లో అందరి గడ్డివాములకీ చెద పట్టేది. దిబ్బ మీద వేసిన మన వామికి ఏనాడూ పట్టలేదు. ఎలక కూడా తొంగిచూడలేదు. అమ్మవారి చలవ అన్నారు మీరు. నేనూ నమ్మి అక్కడ దీపం పెట్టాను. ఏం చలవ మావయ్యా అది?"

నాంచారయ్య విసనకర్ర ఈనెలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆయన ఎంతసేపు తడిమితే అంతసేపూ ఆమె కదలకుండా నిలబడింది.

దైవాధీనం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దాయన్ని ఎందుకు వేధిస్తావు వదినా? నాన్నా, నువ్వేం మాట్లాడకు."

"మాట్లాడొద్దన్నావంటే మాట్లాడాల్సింది ఉందన్నమాటే."

ముసలాయన కొడుకు వంక చూడలేదు. కోడలి వంకా చూడలేదు. "తనిఖీకి వస్తారని వీడు గోలపెట్టాడమ్మా. తిప్పి పంపితే నష్టమన్నాడు. బస్తాలన్నీ బండిమీద వేసుకొచ్చాడు. పురి విప్పి, కింద గొయ్యి తీసి పెట్టాం. మళ్లీ పైన పురి కట్టాను. ధాన్యానికి పురుగు పట్టకపోతే, పోనీలే మంచిదే అనుకున్నాను."

కాపురానికొచ్చిన కొత్తలో వీరలక్ష్మి దంచి, చెరిగి, వండి వడ్డించింది ఆ పురిలో ధాన్యమే.

"పాతికేళ్లు దాటింది వదినా!" అన్నాడు దైవాధీనం. "మట్టిలో మట్టయిపోయి ఉంటుందనుకున్నాను. ఎవడైనా అలాగే అనుకుంటాడు."

"అంటే మర్చిపోలేదు. గుర్తుండే తవ్వించావు."

"ఇన్నాళ్లు ఉంటుందని నాకేం తెలుసు?"

"ఊకా పేడా వందేళ్లుంటాయని చెప్పినవాడివి, నీ మందు మాత్రం మర్యాదగా లేచి వెళ్లిపోతుందనుకున్నావా? నేల అన్నీ మర్చిపోతుందని ఊరందరికీ చెప్పీ చెప్పీ చివరికి నువ్వే నమ్మేశావు. కల్తీ సరుకు అమ్మేవాళ్లని చూశాను గానీ, తన కల్తీ తనే కొనుక్కున్నవాణ్ణి నిన్నే చూశానయ్యా."

కొండలరావు పేపరు పట్టుకునే వచ్చాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది. "మెల్లిగా. ఏలీయా వింటాడు. ఇంటి పరువు..."

"పరువు ఇందాకే లారీలో తిరిగొచ్చింది. దింపించుకోండి."

"అది కాదు వీరా. ఇంటి సంగతి ఇంట్లో ఉంచుకుందాం. ఏలీయాకి నేను ఇంకేదైనా సాయం..."

"చెయ్యని తప్పు నెత్తిన పెట్టి, పైన సాయం కూడానా? మీ తమ్ముడు నయమండీ. అబద్ధం అబద్ధంలాగే చెబుతాడు. మీరు దానికి గంధం పూస్తారు."

కొండలరావు తల దించుకున్నాడు. వీరలక్ష్మి ముందు గుమ్మం వైపు అడుగేసింది. మౌలాలిగారు రాగానే దిబ్బ కథంతా అరుగుమీద పెట్టేద్దామని నిశ్చయించుకుంది.

"చెప్పు వదినా" అన్నాడు దైవాధీనం వెనకనుంచి. మెత్తని గొంతు పోయింది. కొట్లో బాకీలు వసూలు చేసే రోజుల గొంతు వచ్చింది. "అంతా చెప్పు. దిబ్బ మన్ను నా చేలోకి ఒక్కదాంట్లోకే వెళ్లిందా? 'మంచి మన్నంతా నువ్వే తోలుకుపోతావా, మా దొడ్లో కూడా పోయించు' అని నాతో దెబ్బలాడి మరీ పోయించుకుంది ఎవరు?"

ఆమె ఆగిపోయింది.

దొడ్లో ఆ మన్ను పోసిన మడిలోనే కంద వేసింది. ఊళ్లో ఎవరికీ ఊరనంత దుంప ఊరిందని ఇరుగుపొరుగుకి పిలిచి చూపించింది. పురుడు పోసుకోవడానికి వచ్చిన కూతురు జ్యోతిర్మయికి కందబచ్చలి అంటే ప్రాణం. పుట్టిన పసిదానికి ఐదో నెల వస్తోంది. ఎల్లుండి గుడివాడ నుంచి వియ్యపురాలు వచ్చి తల్లీపిల్లల్ని తీసుకెళ్తుంది.

"జ్యోతి పాలిస్తున్న పిల్ల, తల్లి తిన్నది పాలలోకి దిగుతుంది" అన్నాడు దైవాధీనం. "ఈ సంగతి గుడివాడలో తెలిస్తే వాళ్ల అత్తగారు ఏమంటుందో నువ్వే ఆలోచించుకో. నేనేం అనట్లేదు. నువ్వే అనిపిస్తున్నావు."

కొండలరావు గోడకి ఆనుకున్నాడు. నాంచారయ్య విసనకర్రని పక్కన పెట్టేశాడు.

మరిది మొహం చూస్తుంటే వీరలక్ష్మికి భయంకంటే ముందు ఇంకేదో పైకి వచ్చింది. రాత్రి భోజనాలు గుర్తొచ్చాయి.

"నిన్న రాత్రి ఇక్కడే తిన్నావు" అంది నెమ్మదిగా. "కంద వడ్డించబోతే పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టావు. దుంపలు మానేశానన్నావు. దీక్ష అన్నావు."

దైవాధీనం మెడలో పూసల దండ తిప్పుకున్నాడు.

"రాజీవ్ ఆ మందు పేరు చెప్పగానే నీకు తెలిసిపోయింది. నీ పక్కనే కూర్చుని జ్యోతి రెండోసారి వేయించుకుంది. చూస్తూ కూర్చున్నావు. నీ అన్న కూతురు. నీ చేతుల్లో పెరిగిన పిల్ల."

"ఒక్కపూట తిన్నంత మాత్రాన..."

"మరి నువ్వెందుకు తినలేదు?"

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. "రండి రండి మౌలాలిగారూ!" అంటూ దైవాధీనం జుబ్బా సర్దుకుని ముందుకి పరుగెత్తాడు. కొండలరావు భార్య వైపు చూడకుండా అతని వెనకే వెళ్లాడు. వీరలక్ష్మి వంటింట్లోకి వెళ్లింది.

అరుగుమీద కుర్చీలు వేశారు. మౌలాలిగారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని మంచినీళ్లు తాగారు. పసుపు కొమ్ము విరిచి చూసి మంచీచెడూ చెప్పే మనిషి, మాట వృథా చెయ్యడు. ఏలీయా మెట్టు దగ్గరే ఉన్నాడు. చొక్కా వీపున చెమటకి తడిసిపోయింది.

"దైవాధీనంగారు ఫోన్లో అంతా చెప్పారు" అన్నారు మౌలాలిగారు. "ఏలీయా, నువ్వేమంటావు?"

"నేను చల్లలేదండీ. దేవుడి ఎదుట చెబుతున్నాను. ఇంకేం చెప్పమంటారు?"

"కొండలరావుగారూ, పొలం మీది. మాట మీరే చెప్పాలి."

కొండలరావు గొంతు సవరించుకున్నాడు. పేపరుని నాలుగు మడతలు పెట్టాడు, మళ్లీ విప్పాడు. "ఏలీయా... చూడూ... ఈ ఏడు నుంచి నువ్వు..."

"మాట తర్వాత చెబుదురుగాని" అంటూ వీరలక్ష్మి బయటికొచ్చింది. చేతిలో పళ్లెం ఉంది. పళ్లెంలో అన్నం, పక్కన నిండుగా కందబచ్చలి. స్టూలు లాగి దైవాధీనం ముందు పెట్టి, దానిమీద పళ్లెం పెట్టింది.

"ఇదేంటి వదినా, ఇప్పుడు?"

"మధ్యాహ్నం వండిందే. పురిదిబ్బ మన్నులో పండిన కంద. నువ్వు వీడియోలో ముద్దుపెట్టుకున్న మన్ను." ఆమె మౌలాలిగారి వైపు తిరిగింది. "మా మరిది దీన్ని నాలుగు ముద్దలు తింటే, మందు చల్లింది ఏలీయానే అని నేనే చెబుతానండీ. మా ఆయన్ని కష్టపెట్టక్కర్లేదు."

"నాకు ఆకలిగా లేదు."

"పొద్దున్నుంచీ ఏం తినలేదు నువ్వు."

"దుంపలు మానేశానని చెప్పానుగా..."

"ఎప్పట్నుంచి? నిన్నట్నుంచేగా?"

దైవాధీనం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మౌలాలిగారు పళ్లెం వంక చూశారు, దైవాధీనం వంక చూశారు. మోకాలి మీది టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టారు.

"ఒక్క ముద్ద తినండి దైవాధీనంగారూ" అన్నారు. "ఇంటి కూరేగా."

లారీ డ్రైవరు లేచి కూర్చుని ఇటే చూస్తున్నాడు. ఏలీయా మొదటిసారి తలెత్తి పళ్లెంలోకి చూశాడు. దైవాధీనం చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు.

వీరలక్ష్మి నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఎంత ప్రకృతి, ఎంత నేలతల్లి, ఎంత గద్గదం! అంతా కలిపి ఒక్క ముద్ద దగ్గర ఆగిపోయింది. అసహ్యంతో ఆమె పెదవి వంకర తిరిగింది. ఇంకాసేపు ఇలాగే చూడాలనిపించింది, మౌలాలిగారికి పూర్తిగా అర్థమయ్యేదాకా.

వెనక గది తలుపు తెరుచుకుంది.

జ్యోతిర్మయి పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చింది. నిద్రమొహంతో అందర్నీ కలయజూసింది. "ఏంటి, ఇంత నిశ్శబ్దంగా ఉన్నారు? ఏమైందమ్మా?"

వీరలక్ష్మి చెయ్యి నడుంమీంచి జారింది. "నువ్వు లోపలికెళ్లు" అంది.

జ్యోతిర్మయి వెళ్లలేదు. స్టూలు మీది పళ్లెం చూసింది. బాబాయి మొహం చూసింది. భుజంమీద పసిది నిద్రలో నోరు చప్పరిస్తోంది.

"కందబచ్చలేగా బాబాయ్" అంది. "మధ్యాహ్నం నేను తిన్నదే. రోజూ తింటున్నదే. నువ్వెందుకు తినట్లేదు?"

కొండలరావు చేతిలోంచి పేపరు కిందపడింది. ఈ పూట అందరికీ తలో మాటా వడ్డించిన వీరలక్ష్మి కూతురి కళ్లలోకి చూడలేక పళ్లెం వంక చూస్తూ నిలబడింది.

"అమ్మా, నువ్వయినా చెప్పవే" అంది జ్యోతిర్మయి.